దువ్వెనాకు కింద మచ్చలు

నా చిన్నప్పుడు ఒక మొక్కను కాపాడబోయి దాదాపు చంపేశాను. చంపుతున్నానని అప్పుడు నాకు తెలియదు. పైగా పెద్ద మేలు చేస్తున్నాననుకున్నాను. ఆ మేలు వల్ల మా అమ్మ పని పోయేంత వరకు వచ్చింది. ముగ్గురు ఆడవాళ్ళు ఒకరినొకరు దొంగల్ని చూసినట్టు చూసుకున్నారు. నా మొదటి పెద్ద అబద్ధం కూడా ఆ రోజుల్లోనే ఆడాను.

అప్పుడు మేం బాపట్లలో ఊరి చివర పాలెంలో ఉండేవాళ్ళం. నాకు తొమ్మిదేళ్ళో పదేళ్ళో ఉంటాయి. మా నాన్న చెరుకుపల్లి వైపు రైసుమిల్లులో పని చేస్తూ ఆదివారాలు మాత్రమే ఇంటికి వచ్చేవాడు. పొద్దున మాతో చర్చికి వచ్చి, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయేవాడు. అమ్మ పొలం పనులున్న రోజుల్లో పొలానికి వెళ్ళేది. ఏడాది పొడుగునా మాత్రం ఒకే ఇంట్లో పాచిపని చేసేది. ఆ ఇల్లే మాకు ఆధారం. నాట్లు పదిహేను రోజులు, కోతలు పదిహేను రోజులు, ఆ తర్వాత ఎవరు పిలుస్తారో తెలియదు. ఆ ఇంటి పని మాత్రం పన్నెండు నెలలూ ఉండేది.

ఆ ఇంట్లో ఉండేది కాలేజీలో మొక్కల పాఠం చెప్పే మేడం గారు. ఈ ఊరి మనిషి కాదు. పెళ్ళి చేసుకోలేదు, చుట్టాలెవరూ వచ్చేవాళ్ళు కాదు. రెండు గదుల వాటాలో ఒక్కత్తే ఉండేది. ఒంటరిగా ఉన్న ఆడమనిషిని మా ఊళ్ళో ఎవరూ ఊరికే వదిలిపెట్టరు. అద్దెకిచ్చిన ఓనరమ్మ గారు అదే లోగిట్లో పక్క వాటాలో ఉండేది. మేడం గారికి ఉత్తరం వస్తే, అది ఏ ఊరి నుంచి వచ్చిందో మేడం గారి కంటే ముందు ఓనరమ్మ గారికి తెలిసేది.

మనుషుల సంగతి అలా ఉంచితే, అందరికీ ఎక్కువ అనుమానం ఆ మొక్క మీద. మేడం గారు దాన్ని వాకిట్లో కాదు, ముందుగదిలోనే పెట్టుకుంది. ఉత్తరపు కిటికీ పక్కన ఎత్తు స్టూలు, స్టూలు మీద సత్తు పళ్ళెం, పళ్ళెంలో గులకరాళ్ళు, రాళ్ళ మధ్య నీళ్ళు, వాటి మీద కుండీ. ఆకులు పొడుగ్గా, రెండు వైపులా పళ్ళున్న దువ్వెనల్లాగా కిందికి వేలాడుతుండేవి. దాన్ని ఫెర్న్ అంటారని మేడం గారు చెప్పింది. మా అమ్మ నోరు తిరగక దువ్వెనాకు అంది. ఆ తర్వాత మేడం గారు కూడా నవ్వుకుంటూ దువ్వెనాకు అనడం మొదలుపెట్టింది.

ఆ మొక్క ఎండ మొహం చూడకూడదు. వేడిగాలి తగలకూడదు. మట్టి ఎండకూడదు, అలాగని బురద కాకూడదు. వేలు పెట్టి చూస్తే తడి తెలియాలి, నీళ్ళు మాత్రం వేలికి అంటకూడదు. పొద్దున్నే ఆకుల మీద చేత్తో నీళ్ళు చిలకరించాలి. ఇవన్నీ ఒక ఎత్తు, ఆ నీళ్ళు ఒక ఎత్తు. లోగిట్లో బావి నీళ్ళు ఉప్పగా ఉండేవి. ఉప్పునీళ్ళు పోస్తే ఆకుల చివర్లు మాడిపోతాయని మంచినీళ్ళే పోయాలనేది మేడం గారు. మంచినీళ్ళ బావి రెండు వీధుల అవతల ఉంది. మోసేది మా అమ్మ.

"మనుషులకి లేని మంచినీళ్ళు ఈ గడ్డికి కావాల్సొచ్చాయి" అని అమ్మ బిందె దించిన ప్రతిసారీ గొణిగేది. ఆ మాట మేడం గారు ఎన్నిసార్లు విందో నాకు తెలియదు గాని, ఓనరమ్మ గారు ప్రతిసారీ వినేది.

ఓనరమ్మ గారికి ఇంకో బాధ ఉంది. వాళ్ళమ్మాయి పెళ్ళిచూపుల రోజున అలంకరణకి ఆ మొక్కని అడిగితే, బయట గాలి దానికి పడదని మేడం గారు ఇవ్వలేదు. అప్పటి నుంచి ఆమె ఆ కిటికీ దగ్గర ఆగి లోపలికి చూసి, "పువ్వు లేదు, కాయ లేదు, విత్తనం లేదు. అదేం మొక్కో! ఇంట్లో పెట్టి దానికి ఏం పూజలు చేస్తుందో!" అని మా అమ్మతో గుసగుసగా అనేది. అమ్మ అవునని అనేది కాదు, కాదనీ అనేది కాదు. నేను మాత్రం విని, ఆ మొక్క పక్కనుంచి వెళ్ళేటప్పుడు ఊపిరి బిగబట్టేదాన్ని.

ఆ ఏడు నాట్ల కాలంలో మేడం గారి చెల్లెలికి పురుడొచ్చింది. పదిరోజులు ఊరెళ్ళాలి. వెళ్ళేముందు మా అమ్మ చేతికి ఇంటి తాళంచెవి ఇచ్చి, రోజూ నువ్వే వచ్చి మొక్కని చూడాలి, ఇంకెవరి మీదా వదలొద్దు అని చెప్పింది. ఒక కాగితం కూడా ఇచ్చింది. నీలం సిరాతో ఒక వైపంతా రాసింది. మొక్కకి ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో అన్నీ అందులో ఉన్నాయంది. అమ్మ ఆ కాగితాన్ని రెండు చేతులతో తీసుకుని, "అలాగేనండి" అని బొడ్లో దోపుకుంది. మా ఇంట్లో అక్షరం వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. ఆ మాట మేడం గారితో చెప్పడానికి అమ్మకి నామోషీ అయింది. ఓనరమ్మ గారితో చదివించుకుందామా అని నేనంటే, "ఆవిడ లేనివి కలిపి చదువుతుందే, వద్దు" అంది.

అంతలో నాట్లు ముమ్మరమయ్యాయి. పిట్టలవానిపాలెం వైపు పొలాలకి మా పాలెం ఆడవాళ్ళు జట్టుగా తెల్లారకముందే బయల్దేరేవాళ్ళు. అమ్మ రెండు రోజులు మొక్కకి నీళ్ళు పోసి, మూడోరోజు తాళంచెవి నా మెళ్ళో తాడుకి కట్టి, "నువ్వు పోసి రా. ఎవరైనా అడిగితే అమ్మే పోసిందని చెప్పు" అంది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. అంతకు వారం ముందే నేను కూడా అమ్మతో నారుమడికి వెళ్ళాను. నారు పీకే ముందు మా లాంటి పిల్లల చేత ఒక పని చేయించేవాళ్ళు. నారు కొనల మీద గోధుమరంగు నూగుతో పురుగు గుడ్ల ముద్దలు ఉంటాయి. అవి కనబడిన చోటల్లా ఆ ఆకును బొటనవేలి గోటితో తుంచి, ఒళ్ళో వేసుకుని, గట్టు దాటాక బురదలో తొక్కేయాలి. ఒక్క ముద్ద వదిలినా చేనంతా గింజ పట్టని తెల్లకంకులే అని మేస్త్రి బెదిరించేవాడు. మా జట్టులో నా కళ్ళు చురుకని పేరు. అందరికంటే ఎక్కువ తుంచినందుకు ఆ రోజు మేస్త్రి నాకు ఒక బెల్లమ్ముక్క ఎక్కువ ఇచ్చాడు. ఆ గర్వం ఇంకా నాలో తగ్గలేదు.

మొదటిరోజు ఒంటరిగా ఆ గదిలోకి వెళ్ళాను. తలుపు తెరిచే ఉంచి, మొక్క వైపు సగం చూస్తూ సగం చూడకుండా నీళ్ళు పోసి పరుగెత్తాను. రెండోరోజు కొంచెం ధైర్యం వచ్చి దగ్గరికి వెళ్ళి చూశాను. అప్పుడు కనబడింది. మొక్క మొదట్లో, ఆకులు పుట్టే చోట, ఒళ్ళంతా గోధుమరంగు నూగుతో, గుండ్రంగా చుట్ట చుట్టుకుని ఒక గొంగళిపురుగు. దాని పక్కన ఇంకొకటి. ఇంకొకటి. కదలడం లేదు. నిద్రపోతున్నాయనుకున్నాను.

పురుగు ఉంటే గుడ్లు ఉండాలి కదా! ఒక ఆకు ఎత్తి వెనక్కి తిప్పాను. ప్రతి పన్ను కిందా రెండు వరసల్లో, ఎవరో కూర్చుని లెక్కపెట్టి అంటించినట్టు, గోధుమరంగు చుక్కలు. ఇంకో ఆకు తిప్పాను. దాని కిందా అంతే. పైకి పచ్చగా నవ్వుతూ కింద ఇన్ని గుడ్లు మోస్తోంది ఈ మొక్క. ఓనరమ్మ గారి మాటలు గుర్తొచ్చాయి. పువ్వు లేదు, కాయ లేదు, విత్తనం లేదు. పురుగుల్ని పెంచడానికే మేడం గారు దీన్ని ఇంట్లో దాచుకుందా? లేక ఆమెకే తెలియదా? చదువుకున్న మనిషికి తెలియకుండా ఉంటుందా? చివరికి ఆమెకి తెలియదనే అనుకున్నాను. పొలంలో పని చేసినదాన్ని కాబట్టి నాకు తెలిసింది. నేను కాపాడాలి.

చుక్కలున్న ప్రతి ఆకునీ మొదలు దగ్గర గోటితో తుంచేశాను. చుట్టుకున్న పురుగుల్ని చీపురుపుల్లతో విరిచేశాను. అవి విరిగినప్పుడు పచ్చటి రసం వచ్చింది గాని ఒక్కటీ కదలలేదు. అది కొంచెం వింతగానే తోచింది. అయినా చెయ్యి ఆగలేదు. చుక్కల్లేని చిన్న ఆకులు నాలుగైదు వదిలాను. గోడవైపు వేలాడే ఒక పెద్ద ఆకు నా చేతికి అందలేదు. మిగతావన్నీ గౌను ఒళ్ళో పోసుకుని, తాళం వేసి, మురుక్కాలవ గట్టున బురదలో తొక్కి పూడ్చాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. అమ్మకి మాత్రం చెప్పలేదు. మేడం గారు వచ్చాక ఆమె నోటితోనే మెచ్చుకోలు వినాలని నా ఆశ.

మేడం గారు రైలు దిగి పొద్దున్నే వచ్చింది. అమ్మా నేనూ వాకిలి ఊడుస్తున్నాం. లోపలికి వెళ్ళిన మనిషి చేతిలో సంచి కింద పెట్టలేదు. నేను మెచ్చుకోలు కోసం గుమ్మం దగ్గరికి వెళ్ళాను. ఆమె మొహం చూడగానే అక్కడే ఆగిపోయాను.

"ఎవరు చేశారిది?" అంది మేడం గారు.

అమ్మ చీపురు పట్టుకునే లోపలికి వచ్చింది. మొక్కను చూసి, "అయ్యో!" అంది. అమ్మ పదిరోజుల్లో రెండు రోజులే ఆ గదికి వచ్చిందని మేడం గారికి తెలియదు.

"రోజూ నువ్వే వచ్చావా?"

"నేనేనండి. రోజూ నేనే పోశానండి."

"మరి ఇది ఎప్పుడు జరిగింది?"

అమ్మ నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

మేడం గారు ఒక్కో తొడిమా పట్టుకుని చూసింది. "ఎండిపోయినవి కావు. గోటితో తుంచినవి. నేను కాగితంలో ఏవి ముట్టుకోవద్దని రాశానో సరిగ్గా అవే తుంచారు. ఆకుల కింద మచ్చలుంటాయి, అవి పురుగు కాదు, ముట్టుకోవద్దు అని గీత గీసి మరీ రాశాను కదా!"

పురుగు కాదన్న మాట నేను నమ్మలేదు గాని, ముట్టుకోవద్దని రాసినవే ముట్టుకున్నానని తెలిసింది. నన్ను ఆపాల్సిన ఆ గీత, కాగితంతో పాటు అమ్మ బొడ్లోనే ఉండిపోయింది.

గొంతు పెరిగేసరికి ఓనరమ్మ గారు వచ్చేసింది. ఆమెను చూడగానే నా నోట్లోంచి ఆ మాట ఊడిపడింది. "ఓనరమ్మ గారు కిటికీ దగ్గర నిలబడ్డారండి. చెయ్యి లోపల పెట్టారండి."

నిలబడడం నిజమే. చెయ్యి పెట్టడం నేను కల్పించింది.

మేడం గారు ఓనరమ్మ గారి వైపు తిరిగి చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. ఆ చూపులోనే అంతా అడిగేసినట్టుంది. ఓనరమ్మ గారు మండిపడింది. "నేనా? నా ఇంట్లో నేను దొంగనా? కిటికీ ఊచల్లోంచి నా చెయ్యి పడుతుందా, చూడమ్మా!" అని తన చెయ్యి చాపి చూపించింది. ఆ చెయ్యి నిజంగానే పట్టదు. "తాళం ఎవరి దగ్గరుందో వాళ్ళని అడుగు. మనుషులకి లేని నీళ్ళు గడ్డికా అని రోజూ ఎవరు ఏడ్చారో అడుగు!"

మేడం గారు నెమ్మదిగా అమ్మ వైపు తిరిగింది. "నీళ్ళు మొయ్యలేకపోతే నాతో చెప్పాల్సింది" అంది. గట్టిగా అనలేదు. గట్టిగా అని ఉంటే అమ్మ తట్టుకునేదేమో. అమ్మ చీపురు గోడకి ఆనించి, బొడ్లోంచి తాళంచెవి తీసి ఆ స్టూలు మీద పెట్టింది. "మీ ఇల్లు మీకండి, మీ గడ్డి మీకండి" అని నా రెక్క పట్టుకుని బయటికి నడిచింది.

ఇంటికి వచ్చాక అమ్మ ఒకటే అడిగింది. "నువ్వేమన్నా చేశావటే?" నేను లేదన్నాను. అమ్మ నమ్మింది. నమ్మి, ఇంకా లోతుగా అనుమానాల్లో పడింది. పాలెంలో ఇంకో ఆవిడ ఆ పని మీద కన్నేసిందని ఒకసారి, ఓనరమ్మ గారి దగ్గర మారుతాళం ఉందని ఒకసారి, మేడం గారే మనల్ని తీసెయ్యడానికి సాకు కోసం తుంచుకుందని ఒకసారి అనేది. అలా రెండు రోజులు మా ఇంటి చుట్టూ ఉన్నవాళ్ళందరూ దొంగలయ్యారు, నేను తప్ప. నాట్లు ఇంకో నాలుగు రోజుల్లో అయిపోతాయి. తర్వాత ఏంటి అని అమ్మ ఎవరినీ అడగలేదు గాని, బియ్యం డబ్బా మూత తీసి చూసి మళ్ళీ పెట్టడం నేను చూశాను.

మూడోరోజు సాయంత్రం, అమ్మ పొలం నుంచి వచ్చాక, మేడం గారు మా పాలేనికి వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ రాలేదు. చిన్నపిల్లలు గుంపుగా వెంట వచ్చారు. అమ్మ రమ్మనలేదు, పొమ్మనలేదు. నులకమంచం వాల్చి పక్కకి జరిగింది. మేడం గారు కూర్చుని, న్యూస్‌పేపర్లో చుట్టి తెచ్చిన పొట్లం విప్పింది. నాకు అందకుండా మిగిలిపోయిన ఆకు అది.

గొడవ మాట ఎత్తనే లేదు. ఆకు వెనక్కి తిప్పి అమ్మకి చూపిస్తూ, "దీనికేదో పట్టినట్టుందమ్మా. ఈ ఒక్కటీ ఉంచాలా, తీసెయ్యాలా తెలియడం లేదు. మీరు వ్యవసాయం చేసేవాళ్ళు, మీరు చెప్పండి" అంది.

అమ్మ మొహం తిప్పుకుంది. "నాకేం తెలుసండి, పాచిపని చేసుకునేదాన్ని."

"అయితే ఉంచేస్తాలెండి" అని మేడం గారు మళ్ళీ పొట్లం చుట్టబోయింది.

నేను ఆగలేకపోయాను. "ఉంచకూడదండి! గుడ్లండి అవి! ఇలా గోటితో తుంచి బురదలో తొక్కెయ్యాలండి. ఒక్కటి వదిలినా మొత్తం పోతుందండి!" అని బొటనవేలు వంచి చూపించాను కూడా.

చెప్పిన తర్వాత గాని ఏం చెప్పానో నాకు అర్థం కాలేదు. అమ్మకి మాత్రం వెంటనే అర్థమైంది. లేచి చెయ్యెత్తింది. మేడం గారు ఆ చెయ్యి పట్టుకుంది.

"కొట్టకండి. మచ్చలున్నవే పోయి, మచ్చల్లేనివి మిగిలాయి. కసితో తుంచేవాళ్ళు అలా ఏరి తుంచరు. ఇంత ఆలస్యంగా తట్టింది నాకు" అంది. తర్వాత నన్ను దగ్గరికి పిలిచి, "నువ్వేం చూశావమ్మా, మొదటి నుంచి చెప్పు" అంది.

ఎవరు చేశారు అని ఆ మూడు రోజుల్లో ఎంతమంది ఎన్నిసార్లు అడిగారో! ఏం చూశావు అని ఎవరూ అడగలేదు. నేను అంతా చెప్పాను. గొంగళిపురుగుల సంగతి, చుక్కల వరసల సంగతి, నారుమడి సంగతి, ఓనరమ్మ గారి చెయ్యి సంగతి కూడా. మేడం గారు మధ్యలో ఒక్కసారి కూడా తప్పు అనలేదు. అంతా విన్నాక, "నువ్వన్నది నిజమే కావొచ్చు, చూద్దాం" అంది. సంచిలోంచి తెల్లకాగితం తీసి మా గూట్లో పరిచి, ఆకును మచ్చలు కిందికి వచ్చేలా దాని మీద పెట్టి, పైన మా ఇత్తడి పళ్ళెం బోర్లించింది. "ఎవరూ కదపొద్దు. గుడ్లయితే పురుగులు వస్తాయి. కాకపోతే ఇంకేదో వస్తుంది. ఏదొచ్చినా నువ్వే వచ్చి నాకు చెప్పు" అంది.

అప్పుడు అమ్మ వైపు తిరిగి, "కాగితంలో అంత వివరంగా రాశాను కదా, అది చూసి ఉంటే..." అని మొదలుపెట్టింది.

అమ్మ మధ్యలోనే అంది. "మా ఇంట్లో ఎవరికీ అక్షరమ్ముక్క రాదండి."

మేడం గారు నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "నేను అడగలేదు" అంది. మళ్ళీ అదే మాట తనలో తను అనుకున్నట్టు అంది. తర్వాత, "నిన్ను అనుమానించాను, తప్పు నాది, మళ్ళీ పనికి రామ్మా" అంది.

చుట్టూ పాలెం ఆడవాళ్ళు చేరి ఉన్నారు. కాలేజీ మేడం గారు తనంతట తను వచ్చి తప్పు ఒప్పుకుంటోంది. ఇంకొకరైతే కొంగుతో కళ్ళు తుడుచుకుని లేచేవాళ్ళు. మా అమ్మ లేవలేదు. "నేనూ అబద్ధం చెప్పానండి, పిల్లని పంపి నేనే వచ్చానన్నాను. అది నా తప్పే. కానీ మీరు నన్ను అన్నది ఇక్కడ కాదండి. అక్కడ, ఓనరమ్మ గారి ముందు అన్నారు. ఇక్కడ కాదంటే అక్కడ ఎలా పోతుందండి?"

మేడం గారు తలూపింది. "నిజమే. రేపు అక్కడే చెప్తాను" అంది.

మర్నాడు పొద్దున నేను లేవగానే గూటి దగ్గరికి పరుగెత్తాను. పళ్ళెం ఎత్తి, ఆకు తీసి చూశాను. పురుగు లేదు. కాగితం మీద సన్నటి గోధుమరంగు పొడి. పొడి అంటే చెల్లాచెదురుగా కాదు. ఆకు ఎలా ఉందో అలాగే, ప్రతి పన్నూ ప్రతి వరసా అచ్చు గుద్దినట్టు కాగితం మీద దిగింది. అయినా నా అనుమానం తీరలేదు. ఇవి సన్నటి గుడ్లేమో, పురుగులు రేపు వస్తాయేమో అనుకుని కాగితాన్ని మళ్ళీ మూసిపెట్టాను. ఇంకో మూడు రోజులు కాపలా కాశాను. ఏ పురుగూ రాలేదు. అప్పుడు పట్టుకెళ్ళి మేడం గారికి ఇచ్చాను. పూలు పూయని ఈ మొక్కకి విత్తనాల బదులు ఉండేది ఈ పొడేనని చెప్పింది. నేను విరిచిన గొంగళిపురుగులు విప్పుకోబోయే లేత ఆకులని కూడా చెప్పింది. ఆ పొడిని తడి ఇటుకముక్క మీద చల్లి, గాజుసీసా బోర్లించి, నీడలో పెట్టింది. క్రిస్మస్ నాటికి ఇటుక మీద పచ్చటి నాచు లాంటిది వచ్చింది. దగ్గరగా చూస్తే చిన్న చిన్న తమలపాకుల్లా ఉంది. ఇంకా తర్వాత దాంట్లోంచి గోరంత దువ్వెనలు లేచాయి. పాత కుండీలో మొదలు కూడా బతికే ఉంది. నెల తిరక్కుండా మళ్ళీ గొంగళిపురుగుల్ని కనింది. ఈసారి అవి విప్పుకునే వరకు నేను రోజూ కూర్చుని చూశాను.

లోగిట్లో మాట మాత్రం మర్నాడే జరిగింది. మేడం గారు ఓనరమ్మ గారిని పిలిచి, ఆమె ముందు అమ్మతో, "నువ్వు చెయ్యలేదు, నేను అన్యాయంగా అన్నాను" అంది. తర్వాత నన్ను ముందుకి తోసింది. ఓనరమ్మ గారి ముందు నిలబడి, చెయ్యి సంగతి కల్పించి చెప్పానండి అన్నాను. ఆవిడ నన్ను కిందా మీదా చూసింది. "వేలెడంత లేవు, నా చేతిని ఊచల్లో దూర్చావే! పైగా పురుగుల డాక్టరువి కూడానా? రా, మా పెరట్లో వంకాయ మొక్కలున్నాయి. అక్కడ నిజం పురుగులున్నాయి, అవి ఏరిపెట్టు" అంది. ఏరిపెట్టాను. ఆవిడ ఉన్నంత కాలం నన్ను పురుగుల డాక్టరమ్మ అనే పిలిచింది.

అమ్మ పనికి వెళ్ళింది. నీళ్ళు మోసింది, వాకిలి ఊడ్చింది, ముందులాగే గొణిగింది. తాళంచెవి మాత్రం మళ్ళీ తీసుకోలేదు. మేడం గారు ఎన్నిసార్లు ఇవ్వబోయినా, "మీరున్నప్పుడే వస్తానండి" అనేది. కోపంతో కాదు. అందరి ముందు తప్పు ఒప్పుకున్న మనిషిని అమ్మ గౌరవించింది. ఆ తర్వాత నమ్మిందో లేదో మాత్రం నాకు తెలియదు.

నమ్మలేదనే అనుకుంటాను. ఎందుకంటే ఆ సంక్రాంతి సెలవుల్లో మేడం గారు, రోజూ సాయంత్రం ఒక గంట పిల్లని నా దగ్గరికి పంపు, అక్షరాలు నేర్పుతాను అని అడిగింది. అమ్మ నవ్వి, అలాగేనండి అంది. ఇంటికి వచ్చాక, "ఉత్తినే ఎవరు నేర్పుతారే? ఆ గంటలో ఇంటెడు పని చేయించుకుంటుంది. రేపు ఏదన్నా పోతే మళ్ళీ నీ మీదే పడుతుంది" అంది. నన్ను పంపలేదు. నేనూ గట్టిగా అడగలేదు. వేసవిలో మేడం గారికి వేరే ఊరు బదిలీ అయింది. దువ్వెనాకు కుండీని ఒళ్ళో పెట్టుకుని రిక్షా ఎక్కింది. అమ్మని నేను తప్పు పట్టను. ఒకసారి చేతిలో తాళంచెవి ఉన్నందుకే దొంగైన మనిషి, కూతురు చేతికి పలక ఇస్తామంటే అనుమానించకుండా ఎలా ఉంటుంది?

ఇప్పుడు నేను తెనాలిలో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. అనుమానాల్లో నేను మా అమ్మ కూతుర్నే. కూరగాయల బండివాడి తక్కెడ దగ్గర్నుంచి ఫోన్లో వచ్చే మాటల వరకు ముందు అనుమానిస్తాను. ఆ మధ్య, నాకు యాభై ఎనిమిదేళ్ళప్పుడు, పక్క వీధిలో ఒక పాప సాయంత్రం బడి పెట్టి, పెద్దవాళ్ళకి అక్షరాలు నేర్పుతానని ఇల్లిల్లూ తిరిగింది. మా గుమ్మం ముందు నిలబడి పిలిస్తే, ఉత్తినే ఎందుకు నేర్పుతుంది, దీని వెనక ఏముందో అనుకున్నాను. అమ్మ గొంతే నాలో పలికింది. మరో మాట కూడా పలికింది. నువ్వన్నది నిజమే కావొచ్చు, చూద్దాం. అందుకని ఆ పాప ఏం ఆశించి వచ్చిందో కనిపెడదామనే మొదటిరోజు వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. తెలియలేదు. రెండోరోజూ వెళ్ళాను. నెల గడిచింది, పలక అయింది, పుస్తకం వచ్చింది, ఇదిగో ఇంత రాయడం వచ్చింది. ఆ పాప నా దగ్గర ఇంతవరకు ఏమీ అడగలేదు. నేను ఇంకా వెళ్తూనే ఉన్నాను, చూస్తూనే ఉన్నాను.